న్యాయవాది ప్రకాశము పంతులు

మహాపురుషుల చరిత్రలను మనము తరచుగా చివరి పుటనుండి వెనుకకు చదువుచుందుము. టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు వినగానే, 1928వ సంవత్సరమున మదరాసు వీధిలో తుపాకి యెదుట రొమ్ము విప్పి నిలిచిన దృశ్యము పిల్లలకు సహితము స్ఫురించును. ఆంధ్రకేసరి యను బిరుదమును, ముఖ్యమంత్రి పదవియు, విజయవాడవద్ద కృష్ణానదిపై ఆయన పేర వెలసిన బ్యారేజియు అందరు నెరిగినవే. కాని అంతకు పూర్వము ఆయన ఇరువది యేండ్లకు పైగా న్యాయస్థానములలో వాదించి జీవించినవాడు. రెండవతరగతి ప్లీడరుగా ఆరంభించి, రాజధానీ నగరమున పేరుమోసిన బారిష్టరై, తన చేతులతో నిర్మించిన వృత్తిని తన చేతులతోనే మూసివేసినవాడు. ఆ నిర్మాణ మెట్లు జరిగినదో తెలిసికొన్నగాని, ఆ త్యాగము విలువ మనకు బోధపడదు.

ఆయన 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఒంగోలు సమీపమున వినోదరాయునిపాలెమున జన్మించెను. తల్లి సుబ్బమ్మ, తండ్రి గోపాలకృష్ణయ్య. పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. పిల్లలను పెంచుటకు వేరుదారి లేక సుబ్బమ్మగారు ఒంగోలు చేరి పూటకూళ్ళ యిల్లు నడపవలసి వచ్చెను. ఆనాడు అది గౌరవమైన వృత్తిగా లోకము తలంచెడిది కాదు. ఇతరులకు వండి వడ్డించి బ్రదుకు ఇల్లాలిని బంధువులే చిన్నచూపు చూచెడివారు. అయినను ఆమె వెనుదీయలేదు. కోర్టులున్న పట్టణములలో పూటకూళ్ళ యిల్లనగా పల్లెలనుండి వ్యాజ్యములకై వచ్చువారి విడిది యని గుర్తుంచుకొనవలయును. సరిహద్దు తగాదాలు, పంపకాల తగాదాలు, వాయిదాల బాధలు అన్నియు ఆ పంక్తులలోనే వినబడును. ప్రకాశమునకు బాల్యమునుండియు ప్లీడరు కావలయునను కోరిక నిలిచినది. ఆ కోరికకు ఇటువంటి పరిసరములు బలము చేకూర్చినవని యూహించుట తప్పు కాదు.

ఆ కోరికను నెరవేర్చుటకు తోడ్పడినవాడు ఒక బడిపంతులు. ఒంగోలు మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడైన ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారు ఈ చురుకైన పిల్లవాని యందు ఏదియో విశేషమును గుర్తించెను. నాయుడుగారికి నాటకములన్న మక్కువ. ప్రకాశమునకు రంగస్థలముపై నిలుచు ధైర్యము, కంఠమును అదుపులో నుంచుకొను నేర్పు అచటనే అలవడినవి. నాయుడుగారు రాజమహేంద్రవరమునకు తరలిపోవుచు శిష్యుని కూడ వెంట గొనిపోయి, చదువు సాగునట్లు చూచెను. అచట చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి నాటకములలో ప్రకాశము వేషములు ధరించెను. ఆటలు పాటలు హెచ్చి మెట్రిక్యులేషను పరీక్షలో ఒకపరి తప్పినను, గురువు చేయి విడువలేదు. ఉపాధ్యాయులు చదువవలసిన ఘట్టమిది. ఒక తప్పిన పరీక్షను చూచి పిల్లవానిపై ఆశ వదలుకొని యుండినచో, ఆంధ్రదేశమున కొక నాయకుడు తక్కువయి యుండెడివాడు.

ఆ కాలమున న్యాయవాదులందరు నొక్కతెగవారు కారు. 1879వ సంవత్సరపు చట్టము ననుసరించి ప్లీడర్లు, వకీళ్ళు, ముక్తార్లు అను భేదములుండెను. వీరికందరికిని పైన ఇంగ్లండులో చదివివచ్చిన బారిష్టర్లు. బి.ఎల్. పట్టము పొందినవారు హైకోర్టు వకీళ్ళు కాగలిగెడివారు. అంతటి చదువునకు స్తోమతు లేనివారు పరీక్షయిచ్చి రెండవతరగతి ప్లీడర్లయి, క్రిందికోర్టులలో మాత్రమే వాదించుకొనవలసి యుండెను. ఎంతటి తెలివి యున్నను, ఎంతటి వాగ్ధాటి యున్నను, హైకోర్టు గడప వారికి దాటరానిదే. విద్యలో కులభేదమువంటి దిది. పేదవాని కొడుకు చట్టమును నేర్చుకొనవచ్చును గాని, పెద్ద న్యాయస్థానమున నోరు విప్పరాదు.

ప్రకాశము మదరాసునకు పోయి చదివి రెండవతరగతి ప్లీడరయ్యెను. పిమ్మట రాజమహేంద్రవరమున వృత్తి సాగించెను. గోదావరి సీమ అప్పటికే ధవళేశ్వరపు ఆనకట్ట నీటితో సస్యశ్యామలమై, భూమి విలువ పెరిగి, దానితో పాటు తగాదాలును పెరిగిన ప్రదేశము. నీరు పారినచోట పంట పండును. పంట పండినచోట దావాయు పండును. దత్తత, పంపకము, జమీందారీ శిస్తు, కాలువ గట్టు, తనఖా, ఇట్టివెన్నియో కోర్టు కెక్కెడివి. న్యాపతి సుబ్బారావు పంతులుగారివంటి విద్యావంతులైన వకీళ్ళు ఆ పట్టణమున నుండిరి. వారు 1878లో హిందూ పత్రికను స్థాపించిన ఆరుగురు యువకులలో నొకరు. అట్టివారి నడుమ పట్టము లేని రెండవతరగతి ప్లీడరు నిలద్రొక్కుకొనుట సామాన్యము కాదు. ప్రకాశమునకు పెట్టుబడి యేమనగా పల్లెవాని భాషలో పల్లెవానిని ప్రశ్నించగల నేర్పు, కాగితముల కట్టను విసుగు లేక చదువు ఓపిక, న్యాయాధిపతి కోపమునకు జంకని గుండె. కొలదికాలముననే కక్షిదారులు వెదకికొని వచ్చు ప్లీడరయ్యెను.

పట్టణ రాజకీయములలో కూడ ఆయన దిగెను. 1904వ సంవత్సరమున, ముప్పదియొకండేండ్ల వయసులో రాజమహేంద్రవర పురపాలక సంఘమునకు అధ్యక్షుడుగా నెన్నికయ్యెను. పూటకూళ్ళ యింటి పిల్లవాడు గోదావరి తీరపు మహానగరమునకు అధ్యక్షుడగుట ఆనాటి కొక వింత. అంతటితో తృప్తిపడి యుండినచో సుఖముగా బ్రదికియుండెడివాడు. కాని వ్యాజ్యపు పనిమీద మదరాసు పోయినపుడు, తాను సిద్ధపరచిన కేసును హైకోర్టులో మరియొకరి నోట వినవలసి వచ్చుట ఆయనకు బాధాకరమయ్యెను. ఆయన విషయమును వివరించిన తీరు చూచి ముచ్చటపడిన ఒక బారిష్టరు, ఇంగ్లండు పోయి చదువుమని సలహా యిచ్చెను. ఆ మాట ఆయన మనస్సున నాటుకొనెను.

ముప్పది దాటినవాడు, సంసారి, సంపాదన బాగుగా నున్నవాడు, వచ్చు కేసులను వదలుకొని, పదవిని వదలుకొని, సముద్రము దాటి మరల విద్యార్థి యగుట ఎంత సాహసమో ఆలోచింపుడు. సముద్రయానము చేసినవారిని సంఘము వెలివేయు దినములవి. మాంసము ముట్టనని తల్లికి మాట యిచ్చి ఆయన 1904లో పయనమయ్యెను. లండనులో బారిష్టరు చదువనగా పరీక్షలు మాత్రమే కాదు. న్యాయవిద్యాలయముల భోజనశాలలో నియతముగా ఇన్నిమార్లు విందులకు కూర్చుండవలెనను ఆచారము కూడ కలదు. శాకాహారికి అదియొక తపస్సువంటిదే. చదువుతో పాటు అచటి రాజకీయమును గమనించెను. 1906లో దాదాభాయి నౌరోజీ మరల పార్లమెంటునకు పోటీ చేయగా ఆయన పక్షమున పనిచేసెను. ఆ యెన్నికలో నౌరోజీ ఓడిపోయెను గాని, ఒక వృద్ధుడు ఓటమికి జంకక పరదేశమున స్వదేశముకొరకు వాదించుటను ఆ యువకుడు కన్నులార చూచెను. గౌరవపత్రముతో చదువు ముగించి 1907లో తిరిగివచ్చి మదరాసున స్థిరపడెను.

మదరాసు హైకోర్టున ఒక క్రొత్త బారిష్టరు తనకంటూ ఒక వృత్తిశాలను నెలకొల్పుట యెట్టిదో నేటి విద్యార్థులకు చెప్పవలసి యున్నది. అచట పేరుపొందిన న్యాయవాదులలో అత్యధికులు ఐరోపీయులు, తమిళులు. తెలుగు జిల్లాలనుండి అప్పీళ్ళు కుప్పలుగా పోవుచున్నను, వానిని వాదించు పెద్దలలో తెలుగువారు అరుదు. క్రిందికోర్టులో తెలుగున జరిగిన సాక్ష్యము ఇంగ్లీషులోనికి మారి, అచ్చుపడి, న్యాయమూర్తుల యెదుటికి వచ్చును. ఆ మార్పులో పల్లెవాని మాట ప్రాణము పోవుట కద్దు. కరణము లెక్కలు, అడంగలు, శిస్తు రశీదులు, దస్తావేజులోని తెలుగు నుడికారము తెలిసిన బారిష్టరు దొరకుట కక్షిదారునకు వరము. ప్రకాశము క్రిందికోర్టులలో పదేండ్లు ఆరితేరినవాడు. అదియే ఆయన బలము. 1900లో గోదావరిపై రైలు వంతెన తెరువబడిన పిమ్మట రాజమహేంద్రవరపు కక్షిదారుడు మదరాసునకు రైలులోనే రాగలిగెను. వెనుకటి ప్లీడరు ఇపుడు బారిష్టరై యుండుటచేత, పాత పరిచయములే క్రొత్త వృత్తికి పునాదిరాళ్ళయ్యెను.

ఆయన సివిలు వ్యవహారములను, క్రిమినలు కేసులను రెంటిని చేపట్టెను. లా టైమ్సు అను న్యాయపత్రికకు సంపాదకత్వము వహించెను. ఇది కేవలము పేరు కొరకు చేసిన పని కాదని నా యభిప్రాయము. తీర్పులు చదివి, ముఖ్యాంశములను తీసి, అచ్చునకు సిద్ధపరచువానికి చట్టము దినదినము పదునెక్కును. అదియే వృత్తికి సాన. సంపాదన పెరిగెను. ఉదకమండలమున ఆస్తి సంపాదించు స్థితికి వచ్చెను. ఒంగోలున తల్లి వడ్డించిన విస్తరి మొదలుకొని ఇంతవరకు వచ్చిన దూరము కొలుచుటకు మైళ్ళు చాలవు.

ఆ సంపాదన ఆయన ధైర్యమును మందగింపజేయలేదు. మదరాసు చేరిన 1907లోనే బిపిన్ చంద్రపాలుడు దక్షిణదేశమున పర్యటించుచు స్వరాజ్యమును బోధించెను. ఆయన సభలకు అధ్యక్షత వహించుటకు ప్రభుత్వాగ్రహమునకు భయపడి పెద్దలు పలువురు వెనుకాడగా, అప్పుడే వృత్తి నారంభించిన ప్రకాశము ముందుకు వచ్చెను. 1911 జూను 17న తిరునెల్వేలి కలెక్టరు ఆష్ మణియాచ్చి రైలుస్టేషనులో కాల్చి చంపబడెను. కాల్చిన వాంచినాథుడు అక్కడనే తన్ను తాను కాల్చుకొని మరణించెను. మిగిలినవారిపై కుట్రకేసు నడిచెను. మదరాసు హైకోర్టున ముగ్గురు న్యాయమూర్తుల ప్రత్యేక ధర్మాసనము దానిని విచారించెను. ముద్దాయిల పక్షమున నిలిచిన న్యాయవాదులలో ప్రకాశ మొకడు. ఆయన సమర్థించిన ముద్దాయి స్వల్పశిక్షతో బయటపడెను. కలెక్టరు హత్యకేసులో ముద్దాయి ప్రక్కన నిలుచుట అధికారుల దృష్టిలో తానును అనుమానితుడగుటయే. కాని నేరము మోపబడిన ప్రతివానికిని ఒక వాది యుండవలెననునది న్యాయధర్మము. ఆ ధర్మమును పాటించుటకు చదువుకంటె గుండెనిబ్బరము ముఖ్యము.

1920 డిసెంబరులో నాగపురమున కాంగ్రెసు సహాయనిరాకరణమును ధ్రువపరచి, న్యాయవాదులు కోర్టులను విడువవలెనని కోరెను. చిత్తరంజన దాసు, మోతీలాల్ నెహ్రూ వంటి మహాసంపన్నులు వృత్తిని విడిచిరి. మన దేశమున కొండ వెంకటప్పయ్యగారు మొదలైనవారు ఆ దారి పట్టిరి. 1921లో ప్రకాశమును సత్యాగ్రహ ప్రతిజ్ఞ చేసి వృత్తికి స్వస్తి చెప్పెను. అప్పటి కాయనకు నలువది తొమ్మిదేండ్లు. న్యాయవాదికి ఆ వయసు పంటకాలము. అంతవరకు నాటినది కోతకు వచ్చు సమయము. జూనియర్లు చేతిక్రింద తయారై, పాత కక్షిదారులు క్రొత్తవారిని తీసికొనివచ్చి, పేరే పెట్టుబడిగా మారు సమయము. సరిగా అపుడే ఆయన పుస్తకములు మూసెను. యౌవనమున వదలుకొనువాడు ఆశను వదలుకొనును. నడివయసున వదలుకొనువాడు అనుభవించుచున్నదానిని వదలుకొనును. రెండవది మిక్కిలి కష్టము.

కూడబెట్టిన ధనము స్వరాజ్య పత్రికలో పోసెను. 1921లో వెలువడిన ఆ పత్రిక ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషలలో నడిచెను. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి పాత్రికేయులు అచట పనిచేసి పేరుపొందిరి. జీతములు నెలనెల ముట్టని దినములున్నను ఆ కార్యాలయము ఒక విద్యాలయమై వెలసినది. కాని ప్రకటనల రాబడి తక్కువ, ఖర్చు హెచ్చు, సంపాదకుడు తరచు పర్యటనలలో, పిదప జైలులో. ఆస్తులు కరగిపోయెను. మోప్లా తిరుగుబాటు సమయమున నిషేధము ధిక్కరించి మలబారు పోయినందున ఉదకమండలపు ఆస్తిని ప్రభుత్వము జప్తు చేసెను. చివరకు పత్రికయు నిలువలేదు. కోర్టులో ఇతరుల లెక్కలను చీల్చి చూపగలిగిన ప్రకాశమునకు తన లెక్క చూచుకొనుట చేతకాలేదు. జీవితచరిత్ర వ్రాయువారు దీనిని దాచరాదు. ఆయన ఔదార్యము ఎంత నిజమో, ధనవిషయమున అజాగ్రత్తయు అంత నిజము. దానివలన ఆయనతోపాటు ఆయన నాశ్రయించినవారును ఇబ్బంది పడిరి.

1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను కమిషను బొంబాయిలో దిగెను. ఆనాడు మదరాసున హర్తాళము జరిగెను. హైకోర్టు సమీపమున పారీసు మూలలో పోలీసులు కాల్పులు జరుపగా ఒక మనిషి కూలెను. ఆ దేహమును చూడబోయిన ప్రకాశమును తుపాకులు అడ్డగించెను. ఆయన చొక్కా విప్పి రొమ్ము చూపి ముందునకు నడచెను. ఈ కథ అందరెరిగినదే. ఎరుగవలసిన విశేష మింకొకటి కలదు. ఆ మూలనుండి చూచినచో ఎదుట కనబడునది 1892లో కట్టిన హైకోర్టు ఎఱ్ఱని భవనము. పదునాలుగేండ్లు ఆయన నల్లకోటు ధరించి ఆ మెట్లెక్కెను. లోపల చట్టము పేర ముద్దాయి ప్రాణమునకై వాదించిన మనిషి, ఇపుడు వెలుపల చట్టము చేతనున్నవారిని తన ప్రాణమొడ్డి నిలదీసెను. స్థలము మారలేదు, వాదన మారలేదు, మధ్యనున్న ఫీజు మాత్రము తొలగెను.

చదివిన న్యాయశాస్త్రము వ్యర్థము కాలేదు. 1937లో ఆయన మదరాసు రాష్ట్రమున రెవెన్యూ మంత్రి యయ్యెను. జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షుడై, పాత శాసనములను, తీర్పులను, శిస్తు లెక్కలను శోధించెను. భూమికి హక్కుదారు రైతే గాని జమీందారు కాడనియు, 1802 నాటి శాశ్వత పరిష్కారమును బట్టి శిస్తు నిర్ణయింపవలెననియు ఆ సంఘము నిర్ణయించెను. ఒకప్పుడు ఒక్కొక్క రైతు పక్షమున ఒక్కొక్క దావాలో చేయవలసిన వాదనను ఇపుడు లక్షలాది రైతుల పక్షమున ఒకే నివేదికలో చేసెను. ఆ సిఫార్సులు వెంటనే అమలు కాలేదు. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చువరకు రైతు వేచియుండవలసి వచ్చెను. 1946 ఏప్రిలు మొదలు సుమారు పదకొండు మాసములు ఆయన మదరాసు ముఖ్యమంత్రి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడగా తొలి ముఖ్యమంత్రి. ఆయన పాలనలో 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలసెను. కోకా సుబ్బారావుగారు తొలి ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. పూర్వము తెలుగు రైతు న్యాయముకొరకు మదరాసు రైలెక్కవలసి యుండెను. ఆ రైళ్ళలో వచ్చినవారిచేత పోషింపబడిన బారిష్టరే, వారికి తమ గడ్డమీద హైకోర్టు నేర్పడుట చూచెను.

ఇచట ఒక ప్రశ్న వేసికొనుట ఉచితము. వృత్తిని వదలక దేశమునకు సేవ చేయరాదా? చేయవచ్చును. దానికి ఉదాహరణమును దూరమునుండి తేనక్కరలేదు. నెల్లూరు జిల్లా పూడూరున ఒక పురోహితుని యింట జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు ఇంచుమించు ప్రకాశము మదరాసు చేరిన కాలముననే అదే హైకోర్టున వృత్తి నారంభించెను. వృత్తిని విడువలేదు. 1929 మొదలు 1944 వరకు అడ్వకేటు జనరలుగా నుండెను. తుదకు ఆ పాండిత్యమునే భారత రాజ్యాంగ రచనా సంఘమున దేశమునకు సమర్పించెను. ఇరువురును పేదయింటి బిడ్డలే. ఇరువురును చట్టమును సాధనముగా పైకి వచ్చినవారే. ఒకడు న్యాయస్థానమున నిలిచి దేశమునకు చట్టమిచ్చెను. ఒకడు న్యాయస్థానమును విడిచి దేశమునకు ధైర్యమిచ్చెను. ఎవరు గొప్ప యని తూచుట అనవసరము. నేర్చిన విద్య తన యింటిగడపతో ఆగిపోలేదన్న విషయమున ఇరువురును సమానులే.

ప్రకాశము 1957 మే 20వ తేదీన హైదరాబాదున కన్నుమూసెను. ఎనుబదినాలుగేండ్ల జీవితము ముగియునప్పటికి చేత మిగిలిన ఆస్తి లేదు. ఒకనాడు రాజధానిలో పెద్ద ఫీజులు పుచ్చుకొన్న బారిష్టరు, రెండు రాష్ట్రములకు ముఖ్యమంత్రియైన నాయకుడు, పేదగా పుట్టి పేదగానే పోయెను. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టిరి.

ఇపుడు న్యాయవాదులలో రెండవతరగతి లేదు. 1961వ సంవత్సరపు అడ్వకేట్ల చట్టము పాత తెగలను తొలగించెను. పల్లెలో పుట్టిన పిల్ల గాని పిల్లవాడు గాని న్యాయశాస్త్రము చదివి పేరు నమోదు చేయించుకొన్నచో, మునసబు కోర్టు మొదలు సుప్రీంకోర్టు వరకు నిలిచి వాదింపవచ్చును. రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములున్న ఎల్.బి. నగరము చుట్టును, దిల్‌సుఖ్‌నగరమున, గడ్డిఅన్నారమున మేడలపై న్యాయవాదుల బోర్డులు వేలాడుచున్నవి. ఇద్దరు ముగ్గురు యువకులు కలసి, ఇతర వ్యాపకములు పెట్టుకొనక వ్యాజ్యములే చేపట్టు చిన్న సంస్థలను నెలకొల్పుట నేటి పద్ధతి. ఒక గది, ఒక బల్ల, కొన్ని పుస్తకములు, ఒక గుమాస్తా. పిదప కక్షిదారుని నమ్మకము. ప్రకాశము రాజమహేంద్రవరమున ఆరంభించినదియు ఇంతియే.

మన తరగతులలో న్యాయవాది కాగోరు విద్యార్థులు పెక్కండ్రు కలరు. వారికి ఆయన జీవితమునుండి చెప్పదగిన దేమి? అందరును వృత్తిని వదలుడని చెప్పుట అవివేకము. కాగితము పూర్తిగా చదువనిదే కోర్టునకు పోవలదనియు, ఎదుటివాని భాష ఎరుగనిదే అతని పక్షమున మాటాడవలదనియు, అధికారము కన్నెఱ్ఱ చేసినంత మాత్రమున ముద్దాయిని విడువవలదనియు చెప్పవచ్చును. లెక్కలు మాత్రము ఆయనకంటె జాగ్రత్తగా వ్రాసికొనుడని కూడ చెప్పవచ్చును. పై మూడింటిని పాటించినవాడు పేరు సంపాదించినను సంపాదింపకున్నను, అతని గడప తొక్కిన పేదవాడు మాత్రము నిరాశతో తిరిగిపోడు.